పదకొండు ఒకట్లు

పదకొండు ఒకట్లు పక్కపక్కన రాస్తే వచ్చేది ప్రధాన సంఖ్య అనీ, ఒకటీ అదీ తప్ప దాన్ని ఏదీ భాగించదనీ మదనపల్లెలో లెక్చరర్ చెంగల్రాయుడు ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్నాడు.

పుంగనూరులో లెక్కల టీచరు శాంతకుమారి 1981 వేసవి సెలవులంతా ఆ సంఖ్యను భాగిస్తూ కూర్చుంది. చివరికి కాగితం పట్టుకుని బస్సెక్కి, మదనపల్లె కాలేజీలో ఆయన క్లాసు గదికి వెళ్లింది.

"సూడండి సార్, 21649తో శేషం లేకుండా పోతాండాది."

ఆయన గుణించి చూశాడు. సరిపోయింది. కాగితం చించి జేబులో వేసుకున్నాడు.

"ఎవురికీ చెప్పొద్దమ్మా. ఇన్నేండ్లు తప్పు చెప్పినానంటే పిల్లోళ్లు నవ్వుతారు. వాళ్లకు నేను చెప్పిందే రైటు."

శాంతకుమారి సుద్దముక్క తీసుకుని ఆ గుణకారమంతా బోర్డు మీద వేసి బయటికి నడిచింది.

ఎవరు చెప్పినా సరే, లెక్క చేసి చూడనిదే నమ్మొద్దని అదే గదిలో ఆమెకు నేర్పినవాడు ఆయనే.