రోజుకు పది మాటలు

ఆ రూలు పెట్టింది నేనే. మా హాస్టల్లో ఆదివారం పిల్లలు వార్డెన్‌నైన నాతో ఇంగ్లీషులోనే మాట్లాడాలి. అందుకోసం ఎ నుంచి వరసగా రోజుకు పది మాటలు, అర్థంతో, పలికే తీరుతో నోట్‌బుక్‌లో రాయిస్తున్నాను.

ఆ ఆదివారం పొద్దున, తండా నుంచి వచ్చి కొత్తగా ఆరో తరగతిలో చేరిన భాను కట్టెల కుప్ప దిక్కు నుంచి కుంటుకుంటూ వచ్చింది.

"మేడం, కాలుకు..."

"తెలుగుల చెప్తే వినను. ఇంగ్లీషుల చెప్పు."

కాసేపు ఆలోచించింది. "లెగ్గు... ఫయిరు."

"లెగ్గు కాదు, లెగ్. ఫయిరు కాదు, ఫైర్. మూడుసార్లు అను."

అన్నది. తర్వాత మెట్ల మీద కూర్చొని నోట్‌బుక్ తిప్పసాగింది.

"సెలవునాడు గూడ చదువుకుంటాంది, చూసి నేర్చుకోండి" అని మిగతా పిల్లలకు చూపించాను.

గంటకు వాంతులు మొదలయ్యాయి. ఆటోలో దమ్మపేట దవాఖానాకు తీసుకుపోయాను. తేలు కుట్టిందన్నాడు డాక్టరు. ప్రాణం దక్కింది.

సాయంత్రం కళ్లు తెరిచి, తప్పు తనదే అయినట్టు చూసింది భాను.

"సారీ మేడం. నోట్‌బుక్ మొత్తం ఎతికిన. తేలు దొరకలే."

తేలుకు ఇంగ్లీషు మాట ఎస్‌లో వస్తుంది. నేనింకా ఎం దగ్గరే ఉన్నాను.