ఇంకో నెల ఆగితే

ఈ ఆదివారం కూడా స్టోర్ కీపర్ కంప్యూటర్ షాపు నుంచి ఒట్టి చేతులతోనే తిరిగొచ్చాడు. తలుపు తీసిన భార్య ముందు అతని చేతులు చూసింది, తర్వాత మొహం చూసింది.

"మళ్లీ తగ్గిందా?"

"తగ్గింది. అందుకే కొనలేదు," అన్నాడతను చెప్పులు విడుస్తూ.

అతని లెక్క అతనికుంది. కంప్యూటర్లో ఉన్నవాటిని సీడీలోకి ఎక్కించే సీడీ రైటరు ధర నెలనెలా పడుతోంది. పడుతున్న ధరకి అడ్డం వెళ్లేవాడు తెలివితక్కువవాడు. పేపర్లో వచ్చే ప్రకటనలన్నీ కత్తిరించి పాత డైరీలో తేదీల వారీగా అంటిస్తున్నాడు. ఆ ధర ఎక్కడో ఒకచోట ఆగుతుంది, ఆగిన మర్నాడు కొంటాడు. గొడుగు కూడా ఇలాగే వానలు వెలిశాక చవగ్గా కొన్నాడు. ఆ వానాకాలమంతా ఇంటిల్లిపాదీ తడిశారు గానీ, ధర విషయంలో మాత్రం అతన్ని ఎవరూ వేలెత్తి చూపలేకపోయారు.

అయితే ఇది గొడుగు కాదు. లోపలి గదిలో కంప్యూటరు ముందు అతని తల్లి మైకు పట్టుకుని మనవరాలికి కథ చెబుతోంది. పదిహేను రోజుల్లో ఆవిడ గొంతుకి ఆపరేషన్. ప్రాణానికి ఢోకా లేదు గానీ, మాట మాత్రం ఇక రాదని డాక్టరు ముందే చెప్పేశాడు. అందుకని ఆవిడ రోజూ కాసేపు కూర్చుని కథలూ, జోలపాటలూ, తిట్లూ రికార్డు చేయిస్తోంది. తిట్లు కొడుకు కోసం.

అదంతా ఆ కంప్యూటర్లోనే ఉంది. అదేమో మధ్యమధ్య మూలుగుతుంది, చెప్పాపెట్టకుండా ఆగిపోతుంది. ఫ్లాపీలో పెడదామంటే ఒక్క పాట కూడా పట్టదు. బయటికి మోసుకెళ్లి సీడీలోకి ఎక్కించుకొద్దామని భార్య అంటే, కుదుపులకి ఉన్నది కూడా పోతుందని అతను ఒప్పుకోలేదు.

"ఏవండీ, అది ఇవాళో రేపో అన్నట్టుంది. మీరేమో మీనమేషాలు లెక్కపెడుతున్నారు," అంది భార్య.

"ఇన్నాళ్లు ఆగింది, ఇంకో నెల ఆగలేదా? వచ్చే నెల ఇంకా వేగంగా రాసేవి వస్తున్నాయట. అవొస్తే వీటి ధర నేలమీదుంటుంది."

తల్లి కథ ఆపింది. "వాణ్ణి వదిలెయ్యవే అమ్మాయ్. వీడు కడుపులోంచి బయటపడ్డమే మూడు వారాలు ఆలస్యం," అంది. మనవరాలు ఫక్కున నవ్వింది. అదీ రికార్డయింది.

ఆపరేషన్‌కి ముందు రోజు స్టోర్ కీపర్ కొనెయ్యాలనే బయల్దేరాడు. నాలుగు రోజులాగితే పాత స్టాకు తగ్గించి ఇచ్చేస్తామని షాపువాడు నోరు జారాడు. ఆ మాట చెవిన పడ్డాక ఇక అతని చెయ్యి జేబులోకి వెళ్లలేదు. ఇంటికొచ్చేసరికి తాళం వేసి ఉంది. గుమ్మంలో చాలాసేపు కూర్చున్నాక అత్తాకోడళ్లు నడుచుకుంటూ వచ్చారు. ఆస్పత్రి కాగితాలకి ఫోటో కావాలంటే వీధి చివర ఫోటోలూ, పెళ్లి వీడియోలూ తీసే స్టూడియోకి వెళ్లామంది భార్య. ఒక్క ఫోటోకి ఇంతసేపా అని అడగబోయాడు. తల్లి తన ఖాళీ చేతుల వంక చూస్తోందని గమనించి వాటిని వెనక్కి పెట్టుకున్నాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. తల్లి మెడకి కట్టుతో, చేతిలో పలకతో ఇంటికొచ్చింది. ఏం కావాలన్నా పలక మీద రాస్తుంది. చెప్పిన నాలుగు రోజులు పన్నెండయ్యాక ధర నిజంగానే ఆగింది. మర్నాడే స్టోర్ కీపర్ రైటరు కొన్నాడు. ఇంతకంటే తక్కువకి ఊళ్లో ఎవరూ కొని ఉండరు. బిగించడానికి మెకానిక్కుని వెంటబెట్టుకుని మరీ వచ్చాడు.

మెకానిక్కు రైటరు బిగించి మీట నొక్కాడు. తెర వెలగలేదు. పెట్టెలోంచి టిక్కు టిక్కుమని చప్పుడు మాత్రం వచ్చింది. అతను చెవి ఆనించి విన్నాడు, ఏవో వైర్లు మార్చి చూశాడు, మళ్లీ విన్నాడు.

"హార్డ్ డిస్కు పోయింది సార్. అందులో ఉన్నవాటి మీద ఆశ వదులుకోండి," అన్నాడు. పనిముట్లు సంచిలో సర్దుకుంటూ, కొంచెం ఊరట కలిగిద్దామనుకున్నాడేమో, "రైటరు మాత్రం మంచిది సార్. ధర కూడా భలే చూసి కొన్నారు," అని వెళ్లిపోయాడు.

స్టోర్ కీపర్ కింద కూర్చుండిపోయాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాడని ఎవరూ అనలేదు. అంటే బాగుండుననిపించింది. అలా అనే హక్కున్న మనిషి పక్క గదిలో బఠాణీలు ఒలుస్తోంది. ఇక ఆవిడకి అనే గొంతు లేదు.

లేచి వెళ్లి తల్లి కాళ్ల దగ్గర కూర్చున్నాడు. "అమ్మా, డాక్టరు తీసేసింది సగమే. మిగతాది నేను పోగొట్టాను," అన్నాడు. తర్వాత చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

తల్లి పలక తీసుకోలేదు. ఒలిచిన బఠాణీల గిన్నె పక్కన పెట్టి కోడలి వంక చూసింది. కోడలు బీరువా తెరిచి, మడత బట్టల కింద నుంచి ఒక సీడీ తీసింది. దాని మీద వీధి చివరి స్టూడియో ముద్ర ఉంది. టీవీ పక్కనున్న ప్లేయర్లో పెట్టి మీట నొక్కింది.

కాసేపు గరగర వినిపించింది. తర్వాత ఎవరో గొంతు సవరించుకున్నారు.

"ఏరా, నువ్వు కొనేసరికి అది చచ్చింది కదూ? పోన్లే, ఏడవకు. అన్నీ మళ్లీ మొదట్నుంచి చెబుతున్నాను, విను."