ముందు నువ్వు ముట్టు

"ముందు నువ్వు ముట్టు, బాలమణీ," అన్నాడు గద్వాల కాంట్రాక్టరు నర్సింహారెడ్డి పటేలు, ఒళ్లో ఫారిన్ ఉడుమును నిమురుతూ. "షాక్ కొడితే ఇది సస్తది."

చలికి ఉడుము తట్టుకోలేదని అద్దాల పెట్టెలో కొత్తగా హీటరు ప్లేటు పెట్టించాడు. పనిమనిషి బాలమణి చెప్పులు ఎప్పటిలాగే గేటు బయటే ఉన్నాయి. తడి గచ్చు మీద వట్టికాళ్లతో నిలబడి ప్లేటుకు వేలు ఆనించింది. చెయ్యి మోచేతి దాకా గుంజింది.

"కొడ్తుంది పటేలా!"

పటేలు లేచి తనూ ముట్టి చూశాడు. "నాకెందుకు కొడ్తలేదే, దొంగముండా?"

బాలమణి చూపు అతని రబ్బరు చెప్పుల మీద ఆగింది.

అప్పుడే స్నానం చేసి తడికాళ్లతో వచ్చిన పటేలు భార్య ప్లేటు వైపు చెయ్యి చాపింది. "షాక్ కొడ్తదా ఏంది, బాలమణీ?"

"కొడ్తలేదని పటేలే చెప్పిండు గదమ్మా," అంది బాలమణి.