మూలిగిన తరిమెన

అబ్దుల్ గఫార్, మంచం కోళ్ళు తిప్పి నునుపు చేసే తన తరిమెన తొక్కుడు చెక్క మీద కాలు వేసి ఒక్క తొక్కు తొక్కాడు. తరిమెన మూలిగింది.

మామూలు మూలుగు కాదు. పంటి నొప్పి పట్టిన దున్నపోతు మూలిగినట్టు మూలిగింది. నరసరావుపేట బజార్లో పోతున్న జట్కా గుర్రం ఆ మూలుగు విని నిలబడిపోయిందనీ, మూడు కొరడా దెబ్బలు తింటేగాని కదల్లేదనీ చెప్పుకుంటారు. నమ్మేవాళ్ళు నమ్మండి.

"ఏంది భాయ్ ఇది?" అన్నాడు దాన్ని కొనవచ్చిన వడ్రంగి రామబ్రహ్మం, తనకేమీ తెలియనట్టు. "నెయ్యిలో వేలు తిప్పినట్టు తిరుగుద్దని కబురు పెట్టావు. దీనికోసమా మేం మాచర్ల నుంచి రైలెక్కి వచ్చింది?"

గఫార్ బిత్తరపోయాడు. "నమాజుకి పొయ్యే ముందు కూడా తొక్కి చూశా బ్రహ్మం. చీమ నడిచినంత చప్పుడు లేదు."

ఉండదని రామబ్రహ్మానికీ తెలుసు. చక్రం ఇరుసుకు రెండు కొసలా ఆముదం పోసే కంతలుంటాయి. గఫార్ మసీదుకు వెళ్ళగానే, తన భార్య బుల్లెమ్మ పెరట్లో కాళ్ళు కడుక్కుంటున్న సమయం చూసి, ఒక కంతలో ఇరుసుకు ఒరుసుకునేలా చింతపిక్క బద్దను దూర్చింది ఆయనే. ఆమె వచ్చాక తానూ వెళ్ళి కడుక్కొచ్చాడు, ఏమీ ఎరగని పెద్దమనిషిలాగా. ఆ పిక్క కూడా రైల్లో బుల్లెమ్మ వేయించిన చింతపిక్కలు నములుతుంటే అడిగి తీసుకున్నదే.

గఫార్ చెప్పిన ధర నూరు రూపాయలు. రామబ్రహ్మం రొంటిన ఉన్నవి డెబ్భై. యుద్ధం పుణ్యమా అని ఇనుము కొండెక్కి కూర్చుంది. ఇంటి దగ్గరున్నది తాడు తరిమెన. ఆయన ఉలి పట్టుకుంటే, కర్రకు చుట్టిన తాడును ఇటూ అటూ లాగాల్సింది బుల్లెమ్మే. మంచం కోడు ఒక్కటి నునుపు తేలేసరికి ఆమె భుజాలు రెండూ పచ్చిపుండ్లు. కాలితో తొక్కే తరిమెన అయితే ఒక్క మనిషి చాలు.

"ఇదేం తరిమెన అన్నా! దీనికంటే మా ఊరి గానుగ నయం," అంది బుల్లెమ్మ ఉన్నట్టుండి. "దీని మీద చేసిన మంచం ఎక్కితే పడుకున్నోడు కూడా మూలుగుతాడు."

రామబ్రహ్మం నోరు తెరిచాడు. బేరంలో ఏనాడూ పెదవి విప్పని మనిషి ఆమె. దేవుడే పలికించాడనుకుని లోలోపల మురిసిపోయాడు.

"పోనీలే భాయ్," అన్నాడు జాలిగా. "వచ్చినందుకు డెబ్భైకి ఇచ్చెయ్. మా తిప్పలేవో మేం పడతాం."

గఫార్ తల అడ్డంగా ఊపాడు. మొహం వాడిపోయింది. "డెబ్భై కాదు, ఏడు కూడా తీసుకోను. పాతికేళ్ళు దీని మీదే అన్నం తిన్నా. ఊరూరా దీని గొప్పలు చెప్పా. ఇయ్యాల నీ ముందర నా తల కొట్టేసినట్టయింది. చెడ్డ సరుకు అంటగట్టాడన్న మాట నాకొద్దు. నా చేత్తోనే పగలగొట్టి పాత ఇనుములో ఏస్తా."

మూలనున్న సమ్మెట అందుకున్నాడు. ఇదీ బేరంలో ఒక ఎత్తేననుకున్నాడు రామబ్రహ్మం. కానీ సమ్మెట నిజంగానే పైకి లేచింది.

"ఆగు భాయ్!" రామబ్రహ్మం వెళ్ళి తరిమెనను కావిలించుకున్నాడు. "దాని తప్పేం లేదు. నాది తప్పు."

వంగి, ఇనప తీగతో కంతలో కెలికి, బద్దను బయటికి లాగి అరచేతిలో పెట్టి చూపించాడు. గోరంత ఉంది. దాన్ని చూస్తూ నిలబడ్డాడేగాని, గఫార్ మొహంలోకి చూడలేకపోయాడు. చెవులు కాలిపోతున్నాయి. నడి బజార్లో పంచె ఊడినా అంత సిగ్గుపడి ఉండడు.

గఫార్ సమ్మెట కింద పెట్టాడు.

"సిగ్గనిపించలా బ్రహ్మం?"

"ఇప్పుడనిపిస్తంది భాయ్. బుల్లెమ్మ భుజాలు చూళ్ళేకపోయా. డెబ్భై కంటే లేవు."

"ఆ ముక్క నోటితో చెప్తే ముత్యాలు రాలిపోతాయా? నా తరిమెనకి దొంగ జబ్బు అంటగడతావా? నాతో సమ్మెట ఎత్తిస్తావా?"

భూమి రెండుగా చీలితే ముందు రామబ్రహ్మమే దూకేటట్టున్నాడు.

గఫార్ మెత్తబడ్డాడు. "సరే, డెబ్భైకే తీసుకుపో. నీకోసం కాదు, చెల్లెమ్మ భుజాల కోసం. అటు చూడు, నువ్వు చేసిన పనికి ఆయమ్మ ఎట్టా కుంచించుకుపోయిందో! ఇంత నిజాయితీ గల ఇల్లాలిని పెట్టుకుని నీకు ఈ బుద్ధేంది?"

నిజమే. బుల్లెమ్మ గోడవారగా నిలబడి, తల ఎత్తకుండా, కాలి బొటనవేలితో నేలను గీరుతోంది. మొగుడి వంక చూడటం లేదు, గఫార్ వంకా చూడటం లేదు. ఆ తల వంపు చూసి రామబ్రహ్మం మరింత చచ్చిపోయాడు.

"ఇప్పుడు చూడు దీని నడక," అంటూ గఫార్ హుషారుగా చెక్క మీద కాలు వేసి తొక్కాడు.

తరిమెన మూలిగింది. ఇందాకటి మూలుగే.

గఫార్ కాలు తీసి రామబ్రహ్మం వైపు తిరిగాడు. "ఇంకోటి కూడా పెట్టావేంట్రా?"

"నా కులవృత్తి మీద ఒట్టు భాయ్! నేను పెట్టింది ఒక్కటే!"

ముగ్గురూ కాసేపు ఆ తరిమెన వంకే చూశారు. బుల్లెమ్మ కొంగు కొస మొహానికి అడ్డం పెట్టుకుంది.

"రెండో కంతలోది నాది, అన్నా."