మౌసు ముట్టుకోకు

పుస్తకాలు అచ్చువేసే ప్రెస్సు మూతపడ్డాక అందులో పనిచేసినవాళ్లంతా ఆన్‌లైన్ గ్రూపులో కలుసుకునేవారు. ఫాంటు రాకపోయినా, ప్రింటరు మొరాయించినా ఒకరికొకరు చిట్కాలు చెప్పుకుంటూ పాత కబుర్లు తవ్వుకునేవారు. ఆ రాత్రి, ఒకప్పుడు అక్షరాలు కూర్చిన కంపోజరు అక్కడే సాయం అడిగాడు. తనను వదిలి ముందే చనిపోయిందన్న కసితో భార్య ఫొటోలన్నీ డిలీట్ చేసి, ఇప్పుడు కుమిలిపోతున్నాడు.

“చెత్తబుట్టలోనే ఉంటాయిలేరా మొండోడా. నీ కంప్యూటర్లోకి మా ఇంటినుంచే నేనొచ్చి తీస్తా. నువ్వు మౌసు ముట్టుకోకు,” అని రాశాడు పుస్తకాలు కుట్టిన పాత బైండరు.

కాసేపటికి తెరమీద బాణం కదిలింది. ముందు రిఫ్రెష్ నొక్కింది, మళ్లీ మళ్లీ నొక్కింది. ప్రెస్సులో పక్క కుర్చీలో కూర్చుని భార్య అలాగే చేసేది. “దాన్ని కాస్త మొహం కడుక్కోనీండి,” అనేది. అతనికి నవ్వొచ్చింది. బాణం చెత్తబుట్ట తెరిచి ఆమె ఫొటోలన్నీ ఎంచుకుంది.

ఫోను మోగింది. బైండరే.

“ఒరేయ్, మా నెట్టు పోయింది. నీ దాంట్లోకి ఇంకా రాలేదు, ఆగు.”

గదిలో ఫ్యాను చప్పుడొక్కటే వినిపిస్తోంది. ‘శాశ్వతంగా తొలగించాలా?’ అని తెర అడిగింది. బాణం ‘అవును’ మీద నిలిచింది. అతను మౌసు పట్టి లాగినా కదలలేదు.

“వద్దే,” అన్నాడు. “ఏదో కోపంలో చేశాను.”

బాణం నెమ్మదిగా ‘కాదు’ వైపు బయలుదేరి, దారి మధ్యలో ఆగింది.