మోస్‌బీ వస్తే మొదటి స్థానం

"మోస్‌బీ వస్తే ఒకటి. రాకపోతే అయిదు," అన్నాడు వెర్లిన్.

పళ్ళెం కింద పరిచిన కాగితాన్ని తిరగేసి, దాని వెనక రాస్తున్నాడు.

ఇండియానాలోని ఆ చిన్న ఊరికి లాంగ్‌ఫర్డ్ కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు ఒక్కటే పేరు తెచ్చింది. ఏటా ఏప్రిల్‌లో, పాత సీజన్ వేడి చల్లారకముందే, ఆ జట్టంటే ప్రాణమిచ్చే వెర్లిన్, బడ్ ఇద్దరూ లొరెట్టా కేఫ్‌లో కూర్చుని లీగ్‌లోని ఎనిమిది కాలేజీలనూ వచ్చే సీజన్‌కి వరస పెడతారు. ఆ కాగితం గోడకెక్కితే మళ్ళీ మార్చి దాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు.

బ్రాంట్‌లీకి దూరం నుంచి బంతిని బుట్టలో వేసేవాళ్ళు ఇద్దరున్నారు. గురి తప్పితే అందుకునేవాడు లేడు. హాడ్లీకి కోచ్ మారాడు, ఈ ఏడాదంతా తమలో తామే కొట్టుకుంటారు. మిల్‌ఫర్డ్ పిల్లలు గుర్రాల్లా పరుగెత్తుతారు గానీ చివరి అయిదు నిమిషాల్లో కాళ్ళు వణుకుతాయి. లాంగ్‌ఫర్డ్‌కి అన్నీ ఉన్నాయి, బుట్ట కింద నిలబడే పొడుగువాడు తప్ప.

ఆ పొడుగువాడు వెస్లీ మోస్‌బీ. పక్క రాష్ట్రం ఇల్లినాయిలో ఏదో పొలాల మధ్య ఊరు వాడిది. లాంగ్‌ఫర్డ్, బ్రాంట్‌లీ రెండూ వాడి కోసం కాచుకుని ఉన్నాయి. ఎక్కడ చేరేదీ బుధవారం సంతకం పెట్టి చెబుతాడు.

బడ్ పళ్ళు కుట్టుకుంటూ వాడి కొలతలు చదివాడు. ఎత్తు ఆరడుగుల పదకొండంగుళాలు. చేతులు చాపితే ఏడడుగుల పైన. అరచెయ్యి ఇంత, పాదం ఇంత.

"పళ్ళు కూడా లెక్కపెట్టావా?" అన్నాడు వెర్లిన్. ఇద్దరూ పగలబడి నవ్వారు.

పక్క బల్ల దగ్గర ఒక ముసలావిడ కూర్చుని ఉంది. ఆ శనివారం పదకొండు గంటల బస్సు దిగి వచ్చింది. ఆపిల్ పై ముక్కొకటి తెప్పించుకుంది గానీ, వీళ్ళ మాటలు వింటూ తినడం మానేసింది.

కుర్చీ ఇటు తిప్పుకుంది.

"మొన్నటిదాకా బుట్ట కింద ఆడిన అబ్బాయి ఏమయ్యాడండీ?"

"ప్రూయిటా? ఫిబ్రవరిలో మోకాలు పోయింది," అన్నాడు వెర్లిన్ తలెత్తకుండా.

"ఇప్పుడెక్కడున్నాడు?"

"ఇంటికెళ్ళిపోయాడు."

"ఇల్లెక్కడ?"

వెర్లిన్ బడ్ వైపు చూశాడు. బడ్ భుజాలెగరేశాడు. ప్రూయిట్ ఆటకి సగటున ఎన్ని పాయింట్లు చేశాడో ఇద్దరికీ దశాంశంతో సహా తెలుసు. వాడి ఊరు తెలియదు.

మరి చదువు సంగతేమిటని అడిగిందావిడ. ఆడలేనివాడికి కాలేజీ ఊరికే చదువు చెబుతుందా, ఆ చోటు ఇంకొకడికి కావాలి కదా అన్నాడు బడ్.

"వెళ్ళేనాడు బస్సెవరు ఎక్కించారు?"

కాఫీ పోస్తున్న లొరెట్టా చెయ్యి ఆగిపోయింది.

"ఇక్కడే ఎక్కాడు," అంది లొరెట్టా నెమ్మదిగా. "ఈ కిటికీ ముందే. చంకల కింద కర్రలు. పెట్టె ఎత్తలేక, డ్రైవరు దిగేదాకా వానలో నిలబడ్డాడు."

"అప్పుడు మీరంతా ఎక్కడున్నారు?"

"లోపలే."

ఆ రోజు ఈ బల్ల దగ్గర పెద్ద వాదన. ప్రూయిట్ బదులు ఎవర్ని దింపాలని. లొరెట్టా ఆ వాదన వింటూ కాఫీ పోస్తూనే ఉంది. ఇప్పుడు చేతిలోని కాఫీ కూజా బల్ల మీద పెట్టేసింది.

బడ్ వెర్లిన్ చెవి దగ్గరికి వంగాడు. ఆ కుంటివాడి తల్లే అయ్యుంటుంది, మన మీద పడి ఏడవడానికొచ్చింది అన్నాడు. గుసగుసే, కానీ కేఫ్ అంతా వినపడింది.

వెర్లిన్‌కీ అది నిజమే అనిపించింది. ప్రూయిట్ గురించి ఇంతగా అడిగేది తల్లి కాక ఇంకెవరు? జాలిపడి, గొంతు తగ్గించి నచ్చజెప్పబోయాడు.

"చూడమ్మా, మీవాడు మంచి ఆటగాడే. నేను కాదనను. కానీ జట్టన్నాక విరిగినదాన్ని తీసేసి కొత్తది పెట్టుకోవాల్సిందే. రేపు మోస్‌బీ మోకాలు పోయినా అంతే. ఇంకొకణ్ణి వెతుక్కుంటాం."

"అంతేనా?"

"అంతే."

ఆవిడ కాగితం రుమాలుతో చేతులు తుడుచుకుంది, ఒక్కో వేలూ విడివిడిగా, ఏదో జిగురంటినట్టు.

మిగిలింది పొట్లం కట్టించుకుంటే బస్సులో తినొచ్చు కదా అని బడ్ వేళాకోళమాడాడు.

"ఇక్కడిది నా గొంతు దిగదు," అందావిడ.

తలుపు దగ్గర ఆగి లొరెట్టా వైపు తిరిగింది. "వాణ్ణి లోపలికి పిలిచి ఒక కప్పు కాఫీ అయినా ఇవ్వలేకపోయావా, తల్లీ?"

లొరెట్టా ఆవిడ వదిలేసిన పళ్ళెం తీసింది.

ఆవిడ ఒంటిగంట బస్సెక్కి వెళ్ళిపోయింది. పీడ వదిలిందంటూ బడ్ కిటికీలోంచి చెయ్యూపాడు. వెర్లిన్ మొదటి వరసలో లాంగ్‌ఫర్డ్ అని రాసి, కింద రెండు గీతలు గీసి, కాగితం గోడకంటించాడు.

బుధవారం మధ్యాహ్నం కేఫ్‌లో నిలబడడానికి చోటు లేదు. టీవీలో మోస్‌బీ తన బడి జిమ్‌లో బల్ల వెనక కూర్చున్నాడు. ముందు రెండు టోపీలు. ఏది పెట్టుకుంటే ఆ కాలేజీ.

చెయ్యి లాంగ్‌ఫర్డ్ టోపీ దాకా వెళ్ళి ఆగింది. వాడొకసారి పక్కకి చూశాడు. బ్రాంట్‌లీ టోపీ తీసి పెట్టుకున్నాడు.

బడ్ ఒక బూతు మాట ఉమ్మేశాడు. బ్రాంట్‌లీ వాళ్ళేదో మాయ చేశారన్నాడు వెర్లిన్, గోడ వైపు చూడకుండా.

పద్దెనిమిదేళ్ళు నిండలేదు గనక పెద్దవాళ్ళ సంతకం కూడా కావాలని, తల్లీ తండ్రీ లేని పిల్లాడని టీవీలో చెబుతున్నారు. కెమెరా పక్కకి జరిగింది.

కళ్ళజోడు సవరించుకుని, కాగితమంతా చదివి, మనవడి పేరు కింద తన పేరు రాస్తోంది, శనివారం బస్సులో వచ్చి వెళ్ళిన ఆ ముసలావిడ.