అష్రఫీ మీద గాటు

"ఇది నాదే," అంది ఫెబి పైకే. వినడానికి ఇంట్లో ఎవరూ లేరు.

ఫోన్‌లో ఫొటోను రెండు వేళ్లతో పెద్దది చేసి మళ్లీ చూసింది. ఆన్‌లైన్ వేలానికి పెట్టిన నిజాం కాలపు బంగారు అష్రఫీ. చార్మినార్ బొమ్మలో ఎడమ మినారు పక్కన చిన్న గాటు. గొలుసుకు వేసుకుందామని అమ్మమ్మ కొక్కెం పెట్టించబోతే, కంసాలి చెయ్యి జారి పడిన గాటు అది.

పెళ్లిలో అమ్మ ఆ నాణేన్ని ఫెబి చేతిలో పెట్టింది. ఐర్లండ్‌లోని డ్రోహెడా వచ్చి నర్సుగా చేరిన పదకొండేళ్లలో దాన్ని అమ్మాలన్న ఆలోచనే రాలేదు. కిందటి ఏప్రిల్‌లో భర్త ఎడ్వర్డ్ కోవిడ్‌తో పోయాడు. సమాధి దగ్గరికి పదిమందికి మించి రానివ్వలేదు. ఇప్పటికీ అక్కడ ఒక చెక్క సిలువ, తడి మట్టి తప్ప ఏమీ లేవు. మంచి రాయి పెట్టించాలి, అందుకు నాణెం అమ్మేయాలి అనుకుంది క్రిస్మస్ ముందు.

నాణేల సంగతి తెలిసిన మనిషి కేశవరావు అంకుల్. తెలుగువాళ్ల ప్రార్థన కూటానికి పెద్ద. ఎడ్వర్డ్ ఆయన్ని నోరారా అన్నా అని పిలిచేవాడు. ఫెబి ఆయన గుమ్మంలో కవరు పెట్టి రెండు మీటర్లు వెనక్కి జరిగి నిలబడింది. ఆయన దాన్ని రెండు రోజులు దగ్గర ఉంచుకుని ఫోన్ చేశాడు.

"అసలుది కాదమ్మా. అచ్చుపోసిన నకలు, పైన బంగారు పూత. బరువు గ్రామున్నర తక్కువుంది."

"అట్లెట్లా అంకుల్? మా అమ్మమ్మ నుంచి వచ్చింది."



"అమ్మకానికి పెట్టకు తల్లీ. దాచుకో. రాయి సంగతి అందరం కలిసి చూద్దాం."

నాణెం తిరిగి తెచ్చుకుని, అమ్మమ్మను ఏ కంసాలో మోసం చేసి ఉంటాడనుకుంది ఫెబి. అయినా మనసొప్పక, అలాంటి నాణేలు ఎలా ఉంటాయోనని వేలాలు వెతకడం మొదలుపెట్టింది. మూడు వారాలకు ఇది కనబడింది.

పాత నాణెం కొనేముందు ఏం చూడాలని జూమ్ ప్రార్థన అయ్యాక ఒకసారి ఎవరో అడిగితే కేశవరావే చెప్పాడు. "ఫొటో వాడు తీసిందేనా చూడండి. బరువు రాశాడా చూడండి. ఎవరి దగ్గర కొన్నావని అడగండి. అది దాచేవాడిని నమ్మొద్దు."

ఫొటో సొంతంగా తీసిందే. నాణెం కింద లేత నీలం అల్లిక గుడ్డ. అది పుష్పవతి ఆంటీ చేత్తో అల్లింది. కేశవరావు భార్య. ఆ గుడ్డ పరిచిన బల్ల మీద ఫెబి ఎన్నిసార్లు అన్నం తిన్నదో లెక్కలేదు. బరువూ రాసి ఉంది, ఉండాల్సినంత. ఇక మూడోది. ఎవరి దగ్గర కొన్నారని తన పేరుతోనే అడిగింది.

గంటకు జవాబు వచ్చింది. "క్షమించండి. చెప్పలేను." ఆ వెంటనే ప్రకటనే మాయమైంది.

రెండు రోజులు. నాణెం మార్చడానికి, అది ఆయన దగ్గరున్న ఆ రెండు రోజులు చాలు. ఫెబి ఫోన్ చేసింది.

"ఆ అష్రఫీ మీరేనా అంకుల్ పెట్టింది?"

"మా ఇంటి నుంచే వెళ్లిందమ్మా. తీయించేశా."

"ఎవరిచ్చిన్రు మీకు?"

"భద్రంగానే ఉందమ్మా," అన్నాడాయన.

"మిమ్మల్ని అన్నా అని పిలిచిండు. ఆయన సమాధి రాయి మీదకే పోయిందా మీ చెయ్యి?"

"నన్నేమన్నా అను తల్లీ. అది మాత్రం అడక్కు."

ఫెబి జరిగిందంతా కూటం వాట్సాప్‌లో రాసింది, గాటుతో సహా అచ్చుపోసిన తన దగ్గరి నకలు ఫొటో, వేలంలో ఫొటో పక్కపక్కన పెట్టి. గార్డా పోలీసులకు చెప్పమన్నారు కొందరు. ఇన్నాళ్లూ ఆయన చేత ప్రార్థన చేయించుకున్నామా అన్నారు కొందరు. ఆదివారం జూమ్‌లో కేశవరావు ముఖం లేదు.

మంగళవారం తలుపు సందులోంచి ఒక కవరు పడింది. అందులో అష్రఫీ. చీటీ కూడా లేదు. వంటింటి కాటాలో వేస్తే బరువు సరిగ్గా ఉంది.

"దొంగ ఒప్పుకున్నాడు," అని రాసింది ఫెబి. వరసగా స్తోత్రాలు వచ్చాయి. ఆమెకు మాత్రం సంతోషం కలగలేదు. ఎడ్వర్డ్‌ను పూడ్చిన రోజు, పదిమందిలో చోటు దొరకని కేశవరావు గోడ బయట వానలో నిలబడి ఏడ్చాడు. ఆ ఏడుపూ నాటకమేనా? పరాయివాడు దోచుకుంటే ఇంత మండేది కాదు.

మర్నాడు రాయి చెక్కేవాళ్లకు ఫోన్ చేసింది. పేరు కింద ఏం రాయాలని అడిగితే, "నమ్మకమైన భర్త," అని చెప్పింది.

శనివారం మధ్యాహ్నం గేటు దగ్గర పుష్పవతి కనబడింది. మాస్కు పైన కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"లోపలికి రానులే. ఆ ప్రకటన పెట్టింది నేను. హోటల్ మూసేశాక మార్చి నుంచి ఆయనకు పనిలేదు. చెప్పకుండా పెట్టా. నువ్వు అడిగావని చూపిస్తే, తిట్టి తీయించారు."

"ఎవరు పెడితే ఏంది ఆంటీ? తీసింది ఆయనే కదా."

"ఆ అష్రఫీ మా ఇంటికొచ్చి మూడేళ్లు కావస్తోంది."

"అబద్ధం! మొన్న మీకిచ్చేదాకా నా వంటింటి అలమారలోనే ఉంది, కప్పుల ఎనక."

పుష్పవతి సంచిలోంచి మడతపెట్టిన కాగితం తీసింది.

"దీన్ని నీ కంట పడనివ్వనని నాతో ఒట్టు వేయించుకున్నారు. ఆ పిల్ల తట్టుకోలేదు, నన్ననుకుంటే పోయేదేముంది అన్నారు. నా మొగుణ్ని ఊరంతా దొంగంటుంటే నాకా ఒట్టు గొంతు దిగట్లేదమ్మా."

కాగితం గోడ మీద పెట్టి ఆమె దూరం జరిగింది.

ఫెబి మడత విప్పింది. నాణెం కొన్న రసీదు. 2018 జూన్ నాటిది. గాటుతో సహా అష్రఫీ ఫొటో అంటించి ఉంది. కొన్నవారు కేశవరావు.

అమ్మినవారి సంతకం ఎడ్వర్డ్‌ది.